అరవై గోతాలు

కుర్చీ వేయమని ఎందుకన్నాడు, ఎనిమిదేళ్ళ నుంచి ఆ మిల్లు గేటు దాటి లోపలికి పోతూనే ఉన్నాడు తను, ఎప్పుడు పోయినా కాటా పక్కన తూకపు గుండ్ల మీద కూర్చోవడమే గానీ మిల్లు యజమాని ఆదినారాయణ తన గదిలోకి పిలిచి కూర్చోబెట్టింది లేదు, నిన్న మాత్రం రారా అనకుండా రాప్పా దేవసహాయం అన్నాడు, ఆ అప్పా దగ్గరే జాగ్రత్త పడి ఉండాల్సింది, అనుకుంటూ దేవసహాయం గేరు మార్చాడు, లారీ ఒకసారి దగ్గి ముందుకు దూకింది, నంద్యాల మిల్లుల పొగగొట్టాలు పక్క అద్దంలో చిన్నవైపోయాయి, వెనక బరువు లేదు, యాభై మూడు పాత ఖాళీ గోతాలు, ఏడు కొత్తవి కట్టలు కట్టి పడేసి ఉన్నాయి అంతే, బరువు లేని లారీ ప్రతి గుంటకూ ఎగిరి పడుతుంది, ఆ ఎగురుడు ముందు నడుముకు తెలుస్తుంది, నీ బండి నాకియ్యప్పా అన్నాడు ఆదినారాయణ, నాకు మూడుండాయి, ఇది నాలుగోదయితాది, ధర కట్టి తీసుకుంటా, తోలేది నువ్వే, నెల కాగానే నూరు రూపాయలు నీ చేతిలో పెడతా, టైరు పగిలితే నాది, స్ప్రింగు విరిగితే నాది, పర్మిట్ కోసం కర్నూలు ఆఫీసుల చుట్టూ తిరిగే పీడ నాది, ఇంకేం కావాల్నో చెప్పు, రేపు పొద్దు గూకే లోపల వచ్చి ఒక మాట చెప్పు, నీకొద్దంటే ఇంకో బండి కొంటా, ఇంకో డ్రైవర్ని పెట్టుకుంటా, ఈ వేరుశనగ బుడ్డల సుగ్గి ముగిసేదాకా అంతా నా బండ్లే తిరుగుతాయి, అప్పుడు నీకు మిగిలేదేందో నువ్వే చూసుకో, అంతా నవ్వుతూనే చెప్పాడు, కోపంగా చెప్పి ఉంటే జవాబు అక్కడికక్కడే వచ్చేది, నవ్వుతూ చెప్పాడు కాబట్టే ఆ మాటలు గొంతులో చేపముల్లులాగా ఇరుక్కుని మింగుడుపడడం లేదు, పొద్దు గూకే లోపల అంటే ఈరోజే, ఇప్పుడు ఎనిమిది కూడా కాలేదు, ఎదురుగా ఎండ, ఎడమ చేతి పక్క నల్లమల పొడుగునా మంచు ఇంకా విడవలేదు.

తప్పేముంది ఇందులో, నెలకు నూరు రూపాయలంటే మాటలు కాదు, భార్య లూదియాకు మిషన్ బడిలో టీచరుగా వచ్చేది అందులో సగం కూడా ఉండదు, తాను ఈ ఎనిమిదేళ్ళలో ఏ నెల ఎంత తెచ్చాడో ముందుగా చెప్పగలిగిన నెల ఒక్కటైనా ఉందా, ఉంది, ఎందుకు లేదు, కర్నూలు రాజధాని అయిన కొత్తలో ఎనిమిది నెలలు, ఆఫీసులకు డేరాలు, ఇటుకలు, వెదురు బొంగులు, తెల్లవారి లేస్తే లోడు తయారుగా ఉండేది, ఎవరినీ అడగాల్సిన పని లేదు, ఆ హడావుడిలో తన లారీ ఒక్క రోజు కూడా నిలబడలేదు, అప్పుడే ఇంటి మీద పాత రేకులు తీసి మంగళూరు పెంకులు వేయించాడు, ఆ తర్వాత డేరాలు పోయి గోడలు లేచాయి, గోడలు లేచాక లారీలతో పనిలేదు, ఇప్పుడేమో రాజధానే హైదరాబాదుకు పోతుందంటున్నారు, పోతే పోనీ, మోసుకుపోయేటప్పుడన్నా లోడు దొరుకుతుందా అని సంత గేటు దగ్గర డ్రైవర్లు ఎగతాళి చేసుకున్నారు, ఆ గేటు దగ్గరే తానూ కూర్చునేవాడు, బీడీ కాల్చకపోయినా కాల్చేవాళ్ళ మధ్యన, దళారి ఎప్పుడు బయటికొస్తాడా, ఎవరి వైపు చెయ్యెత్తుతాడా అని, సంజామల నుంచి నాపరాళ్ళు తోలాడు, అవి రాళ్ళు, బరువుకు తగ్గ బాడుగ ఉంది, కానీ పోయేటప్పుడు లారీ ఖాళీ, గోస్పాడు నుంచి వడ్లు తోలాడు, కోతలైపోతే ఆ దోవ మళ్ళీ చూసేది ఏడాదికే, శివరాత్రికి ముందు శ్రీశైలం పోయే యాత్రికుల అన్నసత్రానికి ఆత్మకూరు దాకా బియ్యం, గుమ్మడికాయలు తోలాడు, పుణ్యం వచ్చిందో లేదో గానీ రెండు టైర్లు పోయాయి, అన్నీ ఒక్కసారి లోడ్లే, రెండోసారి పిలిచినవాడు లేడు, తాను తోలినదాంట్లో ఎక్కడా తప్పు లేదు, వస్తువు చెడలేదు, ఆలస్యం కాలేదు, అయినా రెండోసారి ఎవరూ పిలవలేదు, ఎందుకు పిలవలేదు అని ఇంతవరకు ఎప్పుడైనా ఆలోచించాడా, లేదు, దొరకలేదు అనుకున్నాడు అంతే, వాన పడలేదు అనుకున్నట్టు.

పొద్దున కాఫీ గ్లాసు చేతికిస్తూ లూదియా ఏం చెప్పింది, జీతమైతే మంచిదే కదా, ఎండకూ వానకూ ఒకటే, అంది, మళ్ళీ కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ, నన్నడిగితే ఒప్పుకోమనే చెప్తా, కానీ నువ్వు అడగాలని అడుగుతాండావు గానీ వినాలని అడగడం లేదు, ఆ మొగం చూస్తేనే తెలుస్తాంది, అంది, అంత మాట అని గ్లాసు తీసుకుని లోపలికి పోయింది, పెళ్ళయి పదిహేనేళ్ళయినా, పట్టాళంలో బర్మా దోవలో కొండ అంచున లారీ తోలినవాడికి ఇంట్లో టీచరమ్మ ముందు నోరు పెగలదు, సరే, సాయంత్రం మిల్లుకు పోతా, ముందు ఈ గోతాలు ఇచ్చేసి వస్తా, అన్నాడు, గోతాలకోసరం పాతిక మైళ్ళు ఖాళీ బండి తోలుకుంటా పోతాండావా, పెట్రోలు నీళ్ళనుకున్నావా, అని లోపలి నుంచే కేక వేసింది, అది నిజమే, గోతాల విలువ కంటే పెట్రోలు ఖర్చే ఎక్కువ.

శిరివెళ్ళ వచ్చింది, హోటలు ముందు ఆపాలనిపించి ఆపలేదు, ఆపితే మళ్ళీ ఇంజను లేపేందుకు హ్యాండిలు తిప్పాలి, ఇదంతా పుల్లయ్య వల్ల వచ్చింది అనుకున్నాడు, తిట్టుకుంటూ కాదు, పుల్లయ్య మంచివాడు, ముప్పై ఏళ్ళు ఆళ్ళగడ్డ నుంచి నంద్యాలకు ఎద్దులబండి తోలాడు, ఒక వీధి వాళ్ళ బుడ్డలన్నీ అతని బండి మీదే మిల్లుకు పోయేవి, ఈ ఏడు ఒక ఎద్దు గాలికుంటు రోగం వచ్చి పడిపోయింది, రెండోదాన్ని ఒంటిగా కాడికి కట్టలేక అమ్మేసి, సంతలో తన లారీ పక్కకొచ్చి నిలబడి చక్రాన్ని చేత్తో తట్టి, ఏమప్పా, దీనికి మేత తక్కువనా ఎక్కువనా, అని అడిగాడు, అట్లా మొదలైంది మాట, మా వీధిలో అయిదిండ్లుండాయి, అరవై మూటలవుతాయి, నా మాట మింద ఇస్తారు, తోలుకోని పో, అన్నాడు, తాను పోయాడు, అరవై మూటలు ఎత్తించాడు, ఆదినారాయణ మిల్లులో కాటా పెట్టించి దించాడు, తూకం చీటీలు తీసుకున్నాడు, మిల్లువాళ్ళు మూటలు కుమ్మరించి ఖాళీ గోతాలు ఇచ్చారు, అరవై లెక్కపెట్టుకున్నాడు, పట్టాళంలో నేర్చుకున్న లెక్క, అరవై పోయాయి, అరవై వచ్చాయి, పైగా చిరుగులు లేనివి చూసి ఏరుకున్నాడు, చీటీలూ గోతాలూ పట్టుకుని మూడు రోజుల కింద ఆళ్ళగడ్డ పోయి గర్వంగా వీధిలో దించితే ఏమైంది, రామమ్మ వచ్చింది, నాలుగెకరాల మనిషి, మొగుడికి కాళ్ళు పడిపోయినప్పటి నుంచి సేద్యమంతా ఆమెదే, ఒక గోతం తీసి మూతి చూసింది, అడుగు చూసింది, దాన్ని దేవసహాయం కాళ్ళ దగ్గర పడేసింది, ఇది నాది కాదు, అంది.

కాదంటే కొత్తదిచ్చినా కదమ్మా, మీవి మాసికలేసినవి, ఇవి మంచివి, అన్నాడు తను, నీ మంచి నువ్వే పెట్టుకో, నా గోతం నాకు తెచ్చియ్యి, అంది, గోతానికేముందమ్మా, గోతం గోతమే, అన్నాడు, ఆ మాట అనకుండా ఉండాల్సింది, వీధిలో అందరూ చేతిలో పని ఆపి చూశారు, అరె, ఏం మాట్లాడతాండావప్పా డ్రైవరూ, అంది రామమ్మ, నా గోతం పదారు పడ్లు తక్కువ నూరు పడ్లు పడతాది, నేను కుట్టినా, నేను కొలిచినా, నా ఇంట్లో పోసినప్పుడే ఎంతుందో నాకు తెల్సు, ఆడ కాటా వాని లెక్క వానికి తెల్సు, వాడు చెప్పింది తప్పో రైటో తెల్సుకునేకి నాకుండేది ఆ గోతమొక్కటే, దాన్ని పారేసొచ్చి ఎవనిదో తెచ్చి గోతం గోతమే అంటావా, అట్లయితే డ్రైవరు డ్రైవరే కదా, ఇంకోన్ని పిల్చుకుంటాం పో, అని లోపలికి పోయింది, నరసింహులు అని ఎదురింటి రైతు, బావి దగ్గర కూర్చుని పళ్ళు తోముకుంటున్నవాడు, వేపపుల్ల తీసి, పుల్లయ్య ఎద్దుకున్న తెలివి లారీకి ల్యా పాపం, అది గుమ్మం చూసి నిలబడేది, అన్నాడు, వీధంతా నవ్వింది, తాను పుల్లయ్య వైపు చూశాడు, నాకు చెప్పల్యా కదా ఈ సంగతి, అని, పుల్లయ్య నిజంగానే ఆశ్చర్యపోయాడు, చెప్పాల్నా అది, ఎవరిది వాళ్ళకియ్యాలని కూడా చెప్పాల్నా, అన్నాడు, ముప్పై ఏళ్ళు అతను మిల్లులో కూర్చుని, ఎవరి మూట కుమ్మరిస్తే వాళ్ళ గోతం పక్కకు తీసి, తిరుగు బండిలో గడప గడపకూ దించాడు, అదొక పని అని అతనికి ఎప్పుడూ తోచలేదు, ఊపిరి పీల్చడం పని అని ఎవరికి తోస్తుంది.

అందుకే ఆ అరవై తిరిగి తీసుకుపోయి, నిన్న మిల్లు వెనక రేకుల షెడ్డులో ఖాళీ గోతాల కుప్ప దగ్గర కూర్చున్నాడు, వెయ్యి గోతాలో, రెండు వేలో, బుడ్డల పొట్టూ దుమ్మూ ఎలుకల కంపూ, చెన్నమ్మ అనే ముసలామె అక్కడ చిరిగిన గోతాలు కుట్టే పని చేస్తుంది, ఏం పోగొట్టుకున్నావురా నాయనా, అంది, చెప్పాడు, ఆమె నవ్వలేదు, దబ్బనం కొప్పులో గుచ్చుకుని తానూ కుప్పలో దిగింది, ఏ వీధి, ఎవరెవరు, గుర్తులేంది, అని అడిగింది, పుల్లయ్య చెప్పిన గుర్తులు తాను కాగితం మీద రాసుకున్నాడు, రామమ్మది అడుగున నల్ల దారం మూడు కుట్లు, నరసింహులుది మూతి దగ్గర గళ్ళ గుడ్డ మాసిక, ఇంకొకరిది మూల ముడి, ఆ కుప్పలో చేతులు పెట్టి తడుముతుంటే తన నాయన జకరయ్య గుర్తొచ్చాడు, స్టేషను గూడ్స్ షెడ్డులో మూటలు మోసి మోసి మెడ వెనక కాయ కాచిన మనిషి, మూట వీపు మీద పడగానే ఇది కోయిలకుంట్ల జొన్న, ఇది ఆళ్ళగడ్డ బుడ్డ, అని చూడకుండానే చెప్పేవాడు, చదువుకోరా, ఈ మూటలు నీకొద్దు, అని తనను బడికి తరిమేవాడు, ఎనిమిదో తరగతి వరకు తరిమాడు, తర్వాత పట్టాళం, తర్వాత లారీ, చివరికి చూస్తే మూటల్లోనే ఉన్నాడు తను, మోసేది ఇంజను, తేడా అంతే, మధ్యాహ్నానికి ముప్పై దొరికాయి, పొద్దు వాలేసరికి యాభై మూడు, ఏడు దొరకలేదు, అవి గింజలు నింపుకుని మద్రాసు రైలెక్కిపోయాయిరా, ఇంక రావు, అంది చెన్నమ్మ, అప్పుడే ఆదినారాయణ అటు వచ్చి, తల నిండా దుమ్ముతో గోతాల మధ్య కూర్చున్న తనను చూశాడు, మొదట నవ్వాడు, తర్వాత నవ్వు ఆపి కొంచెంసేపు చూశాడు, ఆ చూపు ఇప్పుడు గుర్తొస్తోంది, లారీ కొనాలనుకున్నవాడు లారీని చూస్తాడు కదా, అతను గోతాలను చూశాడు, కట్టలు కట్టినవాటిని, ఒక్కో కట్ట మీద తాను చాక్‌పీసుతో రాసిన పేర్లను, ఎవరికప్పా ఇవి, అని అడిగాడు, ఆళ్ళగడ్డకు, అంటే, ఓహో, అన్నాడు, ఆ తర్వాతే రాప్పా అని గదిలోకి పిలిచాడు.

ఆళ్ళగడ్డ వీధిలో లారీ ఆపేసరికి పుల్లయ్య అరుగు మీద నుంచి లేచాడు, ఏం, దొరికినాయా, అన్నాడు, యాభై మూడు, అన్నాడు తను, కట్టలు విప్పి పేరు పేరునా ఇచ్చాడు, దొరకనివాటి బదులు కొత్తవి చేర్చాడు, నరసింహులు తన పదకొండూ ఒక్కొక్కటే తిప్పి చూసుకుని, ఓరి, ఇది ఎలక కొరికిన బొక్కతో సహా వచ్చిందే, ఎలకను కూడా తేకపోయినావా, అన్నాడు, ఈసారి వీధి నవ్విన నవ్వు వేరేగా ఉంది, అందులో తానూ నవ్వాడు, రామమ్మ రాలేదు, తానే ఆమె ఇంటి ముందుకు పోయి, రామమ్మక్కా, నీవి పన్నెండు కదా, పది దొరికినాయి, రెండు దొరకల్యా, మద్రాసుకు పోయినాయంట, నా తప్పే, అన్నాడు, చంకలో పెట్టుకొచ్చిన రెండు కొత్త గోతాలు గడప దగ్గర పెట్టి, వీటిని నువ్వే కొలుచుకో, అన్నాడు, లోపల మంచం మీద నుంచి మొగుడు ఎవరే అది అంటే, ఆమె, ఆ లారీ ఆయప్ప, అని లోపలికి పోయి కొలిచే ఇత్తడి పడి తెచ్చింది, బుడ్డల రాశి దగ్గర కూర్చుంది, ఒకటి, రెండు, అని పైకి లెక్కపెడుతూ కొత్త గోతంలోకి పోయసాగింది, పట్టుకో మూతి, చూస్తా నిలబడితే ఎట్ల, అంది, తాను మూతి పట్టుకున్నాడు, ఎనభై నాలుగో పడి పోశాక గోతంలో ఇంకా జానెడు ఖాళీ ఉంది, ఆమె గోరుతో అక్కడ గీత గీసింది, కుమ్మరించింది, తిరగేసింది, అడుగున జానెడు మడిచి దబ్బనంతో కుట్టింది, నల్ల దారం, మూడు కుట్లు, రెండో దానికీ అంతే, పళ్ళతో దారం తెంపి, దేవసహాయం చేతికిచ్చి, చూసుకో, ఇదీ నా గుర్తు, చీకట్లో తడిమినా తెలియాల, అంది, తాను వేలితో తడిమాడు, తెలిసింది.

పుల్లయ్య నీ బండ్లో వస్తాడా, అని అడిగింది, వస్తాడు, ముందర నా పక్కన కూర్చుంటాడు, కాటా దగ్గర ఆయన, కుమ్మరించేకాడ నేను, అన్నాడు, ఆ మాట అప్పటిదాకా పుల్లయ్యతో కూడా అనలేదు, వెంట వచ్చిన పుల్లయ్య మీసం కింద ఏదో గొణిగాడు, కాదనలేదు, ఏ మిల్లుకు, అంది, మీరు యాడికంటే ఆడికి, నంద్యాలలో అదొక్కటే మిల్లా, నేను తోలేవాణ్ణి, అన్నాడు, పక్క వీధి నుంచి ఇద్దరు వచ్చి లారీ చక్రాల దగ్గర నిలబడ్డారు, మావి నలభై దాకా ఉండాయి, పత్తి కూడా ఉంది, పత్తి నింపే బోరెలు కూడా తిరిగి తెస్తావా, అన్నారు, తెస్తా, అన్నాడు, వచ్చేటప్పుడు నంద్యాల నుంచి తెలగపిండి తేగల్గుతావా ఎద్దులకు, అని ఇంకొకడు, తెస్తా, అంటే వచ్చేటప్పుడూ ఖాళీ కాదు, ఆ ఆలోచన వచ్చి పోయేలోపలే రామమ్మ, ఇదంతా సరేలే, మళ్ళీ ఎప్పుడొస్తావో అది చెప్పు, బండయితే వారానికొకసారి పోయేది, మేం ఆ రోజుకు కొట్టి ఆరబెట్టుకునేటోళ్ళం, ఎప్పుడో ఒకప్పుడంటే మాకు కుదరదు, అంది, మంగళవారం, అన్నాడు దేవసహాయం, మంగళవారం పొద్దున ఇదే పొద్దుకు, మళ్ళీ శుక్రవారం, వాన పడినా రెగడి దోవ తెగేదాకా వస్తా, బేగా రావల్ల, అంది, వస్తా.

ఆరోజుకు సిద్ధంగా ఉన్నవి ఇరవై ఎనిమిది మూటలు, ఎత్తించి, తాళ్ళు బిగించి, పుల్లయ్యను పక్కన ఎక్కించుకుని శిరివెళ్ళ దోవ పట్టేసరికి పన్నెండైంది, బరువుకు లారీ కింద ఆనింది, ఎగరడం లేదు, ఇంజను గొంతు మారింది, పుల్లయ్య తలుపు గట్టిగా పట్టుకుని ఇంత బేగా పోతే మూటలు తెలివి తప్పవా అంటున్నాడు, తాను వింటున్నాడు, వినడం లేదు, ఆదినారాయణకు సాయంత్రం ఏం చెప్పాలి అని వెతుక్కుంటున్నాడు, మాటలు కూర్చుకుంటున్నాడు, వద్దప్పా అంటే కోపం వస్తుందేమో, ఆలోచిస్తా అంటే మళ్ళీ రేపు పిలుస్తాడు, ఆయన మిల్లు మూసుకుంటే ఇంకా మూడు మిల్లులున్నాయి, మూడూ కలిసి మూసుకుంటే మూటలు రైలుకెక్కించడానికి స్టేషను ఉంది, ఇరుసు విరిగితే ఎట్లా, విరుగుతుంది, అది తనదే, తానే వేయించుకోవాలి, లూదియా లెక్క అడుగుతుంది, నెలకు ఎంత అని, చెప్పలేడు, కానీ వారానికి రెండుసార్లు అని చెప్పగలడు, ఏ రోజో చెప్పగలడు, అక్కడ మనసు ఆగింది, ఏ రోజో, మంగళవారం అని రామమ్మకు చెప్పాడు తను, ఆమె అడిగింది, చెప్పాడు, గొంతులో ముల్లు ఏదీ అడ్డం రాలేదు, ఆదినారాయణ బండి తోలేవాడయితే ఆ మాట అనడానికి లేదు, అడిగి చెప్తానమ్మా అనాలి, చూసి చెప్తానమ్మా అనాలి, తాను ఎవరినీ అడగలేదు, అడగాలని కూడా తోచలేదు, ఇంక సాయంత్రం వెతుక్కోవాల్సిన జవాబేమీ లేదు, ఆ గడప దగ్గరే చెప్పేశాడు, ఇప్పుడు పోయి ఆదినారాయణకు అది వినిపించడమే మిగిలింది, మంగళవారం నేను ఆళ్ళగడ్డలో ఉండాలప్పా, అని.